పసుపు బరువంత ఒక్క మిషన్ మీదనేనా?

కంఠేశ్వర్ల రూమ్ తీసుకొని కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, గీ ముచ్చట మనదే. 2016 ఏప్రిల్ల ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లల్ల నిజామాబాద్ ఒకటి. సీజన్ల మన యార్డు నిండ పసుపే.

గా ఆన్‌లైన్ బిడ్లను పది మిషన్లకు పంచాలె అనుకుందాం. మామూలు పద్ధతి హ్యాషింగ్: పంట పేరు ఒకటైతే మిషన్ గూడ ఒకటే. మక్కలు ఒకదానికి, సోయా ఇంకోదానికి, పసుపంత మూడోదానికి. పసుపు మిషన్ నడుం ఇరుగుతది, మిగిలినయి ఖాళీగ కూసుంటయి. రైతు ఫోన్ల రేటు ఆలస్యంగ వడ్తది. ఇంకో పది మిషన్లు కొన్నా ఫాయిదా లేదు, పేరు ఒక్కటే గదా!

ఎట్లవడితే అట్ల పంచితే? బరువు సమానమైతది. గని ప్రతి మిషన్ అన్ని పంటల లెక్క రాసుకోవాలె. మెమరీ పెరుగుతది, కలుపుడు పని పెరుగుతది.

2015ల పరిశోధకులు నడిమి తొవ్వ చూపిన్రు, అపాచీ స్టార్మ్ మీద పరీక్షించిన్రు. ఒక్కో పేరుకు రెండు మిషన్లు. బిడ్ రాంగనే రెండిట్ల తేలికగున్నదానికి పంపుడు, ఆఖర్ల రెండు లెక్కలు కలుపుడు. మొత్తం క్వింటాళ్లు, అన్నిట్ల పెద్ద రేటు గిట్ల కలుస్తయి. సగటు రేట్లను అట్లనే కలిపితే తప్పైతది. పైసల మొత్తం, క్వింటాళ్ల మొత్తం వేరువేరుగ కలిపి భాగించాలె.

బిడ్లల్ల సగం పసుపే అయితే రెండు మిషన్లు గూడ సాలవు. దానికి ఇంకిన్ని ఇయ్యాలె.

అందుకే సగటు లోడు సూసి మురువద్దు. అందరికంటె ఎక్కువ మోస్తున్నదెవరో సూడుండ్రి.