సాహసయాత్రకు సన్నాహము
(పినపాక మొదలు పాపికొండల వరకు)

సాహసమను మాటను లోకులు రెండర్థములలో వాడుచున్నారు. ముందువెనుకలు చూడక దూకుట యొకటి. కష్టమెరిగియుండి తగిన సాధనములతో దాని నెదుర్కొనుట మరియొకటి. మొదటిది తెగింపు, రెండవది ధైర్యము. యాత్రకు పోవువారికి కావలసినది రెండవది. ఆ ధైర్యము బయలుదేరిన దినమున పుట్టదు. అంతకు పూర్వమే, పటము ముందర కూర్చుండి, ప్రశ్నలు వేసి, లెక్కలు వ్రాసికొనునప్పుడు పుట్టును. ఈ సంగతిని మన బాలబాలికలకును, వారిని పంపు తల్లిదండ్రులకును విశదపరచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

భూగోళపటము విప్పగానే విద్యార్థుల చూపు దూరదేశములపై వ్రాలుట సహజము. రెండు అమెరికా ఖండములను కలుపు సన్నని నేలయందు నికరాగువా అను దేశము కలదు. అందు శాన్ హువాన్ అను నది యున్నది. 1849 తరువాత కాలిఫోర్నియా బంగారమునకై పరుగిడినవారిలో అనేకులు అట్లాంటిక్ తీరమున దిగి, ఈ నదిమీద పడవలలో ఎగువకు పోయి, పెద్ద సరస్సును దాటి, కొంతదూరము మెట్టదారిని పోయి, పసిఫిక్ తీరమున మరల ఓడ నెక్కుచుండిరి. ఆ నదిలో రాతిపొరలపై నీరు నురుగులు గ్రక్కుచు పారుచోట్ల పడవలు ఆగిపోవుచుండెను. ఈ కథ చదివి ఆశ్చర్యపడు విద్యార్థి తన యింటి ముంగిట నిట్టి నదియే పారుచున్నదని మరచుచున్నాడు.

మన పినపాకకు సమీపముననే పారు గోదావరి నాసిక్ చెంత త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి ముగించిన ఆర్థర్ కాటన్ దొర, ఈ నదిమీద మధ్యపరగణాల పత్తిని పడవలలో సముద్రమునకు చేర్చవచ్చునని తలచెను. అడ్డుగా నున్నవి మూడు రాతిపట్లు. వానిలో మొదటిది మన పొరుగుననున్న దుమ్ముగూడెము కడ కలదు. దానిని తప్పించుటకై అచ్చట ఆనకట్టయు, కాలువయు, లాకులును కట్టిరి. ధనము వ్యయమయ్యెను గాని పని పూర్తికాలేదు. 1871 లో ప్రభుత్వము దానిని విడిచిపెట్టెను. ఇంజనీర్లు పోయినను వారి వెంట వచ్చిన మిషను పని దుమ్ముగూడెమున నిలిచెను. జాన్ కెయిన్ దొర అచ్చట కోయల నడుమ బహుకాలము పనిచేసి వారి ఆచారములనుగూర్చి వ్రాసెను. నికరాగువాకు పోనక్కరలేదు, ఒక సెలవులో నాలుగు దినములు చాలును. ఆ నాలుగు దినముల యాత్రకు ఎట్లు సిద్ధపడవలెనో క్రమముగా చెప్పెదను.

1. మార్గము

మొదటి దినము పినపాకనుండి మణుగూరు మీదుగా భద్రాచలము చేరవలెను. గోదావరి వంతెన దాటినచో పట్టణము. కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున కట్టించిన రామాలయమును, నదీఘట్టమును సాయంకాలములోగా చూడవచ్చును. రెండవ దినము ఉత్తరపు గట్టున దుమ్ముగూడెమును, దానికి పైనున్న పర్ణశాలను చూచి రాత్రికి మరలవలెను. మూడవ దినము తెల్లవారకముందే బయలుదేరి కూనవరము, వరరామచంద్రపురముల మీదుగా పోచవరము చేరి పడవ నెక్కవలెను. కూనవరము కడ శబరి గోదావరిలో కలియును. రెండు నీళ్ల రంగులును వేరుగా నున్నవో లేదో చూచి వ్రాసికొనుడు. పాపికొండల నడుమ నది ఇరుకై, ఇరువైపుల అడవి నీటిదాక దిగివచ్చును. పేరంటపల్లి శివాలయము చూచి చీకటిపడకముందే పోచవరమునకు మరలి భద్రాచలము చేరవలెను. నాలుగవ దినము ఇల్లు.

దూరమునుండి వచ్చు బంధువులు రైలు విషయమై మోసపోవుట కలదు. భద్రాచలము రోడ్డు అను స్టేషను కొత్తగూడెమున నున్నది. అచ్చటినుండి భద్రాచలమునకు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు రోడ్డుమీద పోవలెను. పాత పుస్తకములను నమ్మి పోవువారికి మరియొక చిక్కు. పూర్వము రాజమహేంద్రవరమునుండి లాంచీలు పోలవరము మీదుగా పైకి వచ్చుచుండెను. పోలవరము కట్టడముచే ఆ మార్గము తెగినది. 2021 లో నదీప్రవాహమునే స్పిల్‌వే వైపునకు మళ్ళించిరి. ఇప్పుడు దిగువనుండి వచ్చు లాంచీలు ఆనకట్టకు ఎగువనున్న గండిపోచమ్మ గుడి కడ బయలుదేరును. మరియు 2014 లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున చేర్చబడినవి. భద్రాచలము పట్టణము దాటగానే రాష్ట్రము మారును. కావున పడవల సమాచారమును ఆ రాష్ట్రపు పర్యాటకశాఖవారినే అడుగవలెను.

2. కాలము

యాత్రకు దినమును నిర్ణయించునది మన సెలవు కాదు, నది. జూలై మొదలు సెప్టెంబరు వరకు వరదకాలము. భద్రాచలము కడ నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి ప్రమాదసూచికయు, 48 అడుగులైనచో రెండవదియు, 53 అడుగులైనచో మూడవదియు ప్రకటింతురు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగుల కెక్కెను. 2022 జూలైలో 71.3 అడుగుల కెక్కెను. ఈ అంకెలను కంఠస్థము చేయుట పరీక్షకొరకు కాదు. వాన మన యూర కురియకపోయినను, ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి నదుల ప్రాంతమున కురిసినచో రెండు మూడు దినములలో ఇచ్చట నీరు పెరుగునని తెలిసికొనుటకు.

ఏప్రిలు, మే నెలల ఎండ ఈ ప్రాంతమున దుస్సహము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తగిన కాలము; అయినను ప్రాతఃకాలమున మంచు దట్టముగా నుండును గనుక అది విడిచినగాని పడవ కదలరాదు. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారము జాతర జరుగును. ఆ దినములలో ఈ అడవిదారుల బస్సులలో కాలు పెట్టుటకు చోటుండదు. ముక్కోటికిని, శ్రీరామనవమికిని భద్రాచలమున బస దొరకుట దుర్లభము. పంచాంగము చూడక సెలవుచీటి వ్రాయువాడు వీధిలో నిద్రించును.

3. పడవ

2019 సెప్టెంబరు 15 వ తేదీన, గోదావరి వరదతో పారుచుండగా, పాపికొండలకు పోవు యాత్రికుల పడవ కచ్చులూరు కడ మునిగెను. సమీపగ్రామస్థులు తమ చిన్న పడవలతో పోయి కొందరిని కాపాడిరి. ప్రాణములతో బయటపడినవారు 26 మంది మాత్రమే. మునిగిన పడవను నెల దాటిన పిదపగాని నీటినుండి తీయలేకపోయిరి. ఆ పడవ నెక్కినవారిలో అధికులు వినోదమునకు పోయినవారే. వారిలో పసిబిడ్డలును ఉండిరి. ఆ దుర్ఘటన పిమ్మట పడవలను తనిఖీ చేసి విడుచుటకు నదీతీరమున అధికారుల కేంద్రములు ఏర్పడినవి.

అధికారి చూచుటతో మన బాధ్యత తీరదు. పడవ నెక్కకముందు ప్రతి విద్యార్థియు ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఈ పడవకు నేడు అనుమతి కలదా? ఎందరు ఎక్కవచ్చును, ఇప్పుడెందరున్నారు? లైఫ్ జాకెట్టు ప్రతివానికిని ఉన్నదా? నేడు నీటిమట్టము పెరుగుచున్నదా, తగ్గుచున్నదా? జాకెట్టు పీఠముక్రింద నుండినచో అది లేనట్లే. దిగువరకు ఒంటిమీద బిగించియుండవలెను. ఫోటోకొరకు అందరు నొక ప్రక్కకు చేరరాదు. ఉక్కపోసినదని విప్పుట, సిగ్గుపడి తొడుగకుండుట రెండును అవివేకమే. ఈతవచ్చినవాడు కూడ ఈ సుడులలో నిలువజాలడు.

4. ఆరోగ్యము

మధ్య అమెరికాలోనే పనామా కాలువను 1881 లో ఫ్రెంచివారు మొదలుపెట్టి, జ్వరములవలన వేలకొలది పనివారిని గోల్పోయి, 1889 లో విడిచిరి. పిమ్మట అమెరికావారు దోమలను అణచి, కాలువ త్రవ్వి, 1914 లో ఓడలను పంపిరి. నడుమ కలిగిన జ్ఞానములో ఒక భాగము మన తెలుగునాటనే వెలసినది. మలేరియా క్రిమి దోమ కడుపున పెరుగునని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897 ఆగస్టు 20 వ తేదీన సికింద్రాబాదులో కనుగొనెను. ఈ మన్యమున మలేరియా పాత నివాసి. కావున దోమతెర, నిండుచేతుల చొక్కా, కాచిన నీరు మరువరాదు. తిరిగివచ్చిన తరువాత కొన్ని వారములలో చలిజ్వరము వచ్చినచో, అడవికి పోయి వచ్చితినని వైద్యునికి మొదట చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఈ అడవులలో కలవు. పాము కరచినచో గాయమును కోయరాదు, నోట పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు, మంత్రగాని కొరకు వేచియుండరాదు. కరచిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. చీకటిలో దీపము లేక అడుగు వేయకుండుట అన్నిటికంటె మంచి మందు.

5. సామగ్రియు ధనమును

వీపున మోయగలిగినంతయే మూట కట్టవలెను. దుప్పటి, రెండు జతల బట్టలు, గట్టి చెప్పులు, టార్చిదీపము, నీళ్లసీసా, అటుకులు, బెల్లము, వేరుసెనగలు, నిత్యము వాడు మందులు. ఇంతకు మించినది బరువు. కొండల నడుమ సెల్‌ఫోను పలుకదు. అందుచే తల్లిదండ్రుల నంబరును, రక్తవర్గమును కాగితముపై వ్రాసి జేబులో నుంచుకొనవలెను. ధనమును మూడు పొట్లములు చేయుడు. ప్రయాణమున కొకటి, భోజనమునకును బసకును ఒకటి, ఆపదకు ఒకటి. మూడవ పొట్లమును ఇంటికి వచ్చిన తరువాతనే విప్పవలెను. దానినంటి ధనము మిగిలించి బొమ్మలు కొనువాడు ఆపద రాదని ముందే పందెము వేసినవాడు.

6. అడవియందు నడవడి

పాపికొండల అడవి 2008 లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడినది. అటవీశాఖ అనుమతి లేక అందు బస చేయుట, నిప్పు రాజవేయుట, కొమ్మ విరుచుట నేరములు. తెచ్చిన ప్లాస్టికు సంచిని తిరిగి కొనిపోవలెను.

గూడెములు సంతలు కావు, అవి ఇండ్లు. ఆస్ట్రియా దేశమున పుట్టిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1941 లో ఈ కొండలలో కొండరెడ్ల నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి 1945 లో గ్రంథము ప్రచురించెను. అంత దూరమునుండి వచ్చినవాడు వారియొద్ద కూర్చుండి నేర్చుకొనగా, పొరుగువారమగు మనము వాకిట నిలిచి ఫోటో తీసి పోవుట తగునా? పెద్దవారిని నమస్కరించి పలుకరింపుడు. అనుమతి లేక స్త్రీల ఫోటో తీయకుడు. నీటిరంగు చూచి వరదను చెప్పగలవారు వారే. కచ్చులూరు కడ మునుగుచున్నవారిని పట్టి తీసినదియు అట్టి పల్లెవారి చేతులే.

7. మరలివచ్చు నిర్ణయము

ప్రతి జట్టునకు ఒక నాయకుడుండవలెను. "నేడు పోవలదు" అని అతడన్నచో ఎవరును ఎదురాడరాదు. ఏ పరిస్థితులలో మరలవలెనో ఇంటికడనే వ్రాసి పెట్టవలెను: మొదటి ప్రమాదసూచిక వెలువడినచో, పడవలో అనుమతికి మించి జనమున్నచో, ఒకరికైనను జ్వరము తగిలినచో, మధ్యాహ్నము రెండు గంటలకు తిరుగుప్రయాణము మొదలు కానిచో. రేవునకు చేరిన పిదప ఆలోచించువానికి ఇచ్చిన రూకలు, చేసిన దూరము, తోటివారి నవ్వు అడ్డుపడును. ముందే వ్రాసినవానికి కాగితమే బలము. మరలివచ్చినవాడు ఓడినవాడు కాడు. అతడు వచ్చే యేడు మరల పోగలవాడు.

ఇంకొక్క మాట. పోలవరము జలాశయము 45.72 మీటర్ల పూర్తిమట్టమునకు నిండిననాడు కూనవరము, వరరామచంద్రపురము, దేవీపట్నము ప్రాంతములలోని పల్లెలనేకములు నీటిపాలగును. అనేక కుటుంబములు ఇదివరకే తరలిపోయినవి. కావున ఈ యాత్ర చేయు విద్యార్థి కొండల అందమునే గాక, ఏ రేవున ఏ యూరున్నదో, దాని పేరేమో, అచ్చటివారు ఏమి పండింతురో తన పుస్తకమున వ్రాసికొని రావలెను. ఆ పుటలు రేపు చరిత్రయగును.

ఈ సెలవులలో పోదలచిన విద్యార్థులు పై యేడు అంశములను ఒక కాగితముపై వ్రాసి, తల్లిదండ్రుల సంతకముతో ఒక ప్రతిని ఇంటను, ఒక ప్రతిని పాఠశాలయందును ఉంచి బయలుదేరవలెను. పెద్దలు పిల్లల నాపుటకు ఆ కాగితమును వాడవలదు. వారెక్కడ నున్నారో, ఎప్పుడు వచ్చెదరో తెలిసి నిశ్చింతగా నిద్రించుటకు వాడుదురుగాక.