అతివేగపు చలానా – యువ డ్రైవరు కారు బీమా

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- కారు బీమా ప్రీమియంలోని భాగాలను, ఒక్కొక్క భాగాన్ని ఎవరు నిర్ణయిస్తారో వివరించగలుగుతారు.
- అతివేగపు చలానాకు, బీమా ప్రీమియానికి మన దేశంలోను, కొన్ని ఇతర దేశాలలోను ఉన్న సంబంధాన్ని పోల్చి చెప్పగలుగుతారు.
- నో క్లెయిమ్ బోనస్ పోతే కలిగే నష్టాన్ని లెక్క కట్టగలుగుతారు.
- ఇంట్లో ఇతరుల పేరు మీద ఉన్న కారును నడిపే యువకులకు బీమా రక్షణ ఎంతవరకు ఉంటుందో గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

డిగ్రీ చదువుతూనో, కొత్తగా ఉద్యోగంలో చేరో కారు నడపడం మొదలుపెట్టినవారు మీలో చాలామంది ఉంటారు. వేగ పరిమితి దాటిన కొద్ది రోజులకు కారు యజమాని ఫోనుకు చలానా వచ్చిందన్న సందేశం వస్తుంది. చాలా ఇళ్లలో ఆ యజమాని మీరు కారు, మీ నాన్నగారు. జరిమానా కట్టడం ఒక సంగతి. దాని వెనుకే మరొక ప్రశ్న వస్తుంది: "దీనివల్ల వచ్చే ఏడాది ఇన్సూరెన్సు పెరుగుతుందా?"

ఈ ప్రశ్నకు సూటి సమాధానం: మన దేశంలో నేడు అమలులో ఉన్న సాధారణ పద్ధతి ప్రకారం చలానా ఒక్కటే ప్రీమియాన్ని పెంచదు. అయితే ఈ సమాధానం విని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. చలానా తెచ్చిన వేగమే ప్రమాదాన్ని తెస్తే, బీమా అనేక విధాలుగా మీకు దూరమవుతుంది. అది ఎలాగో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. అతివేగం – చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 112వ సెక్షను వేగ పరిమితుల గురించి, 183వ సెక్షను వాటిని దాటినందుకు శిక్ష గురించి చెబుతాయి. 2019 సవరణ ప్రకారం కారు వంటి తేలికపాటి వాహనానికి జరిమానా 1,000 నుండి 2,000 రూపాయలు. మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుండి 4,000 రూపాయలు. ఇదే నేరం మళ్లీ చేస్తే డ్రైవింగు లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చు. మీ బీమాకు సంబంధించినంత వరకు జరిమానా మొత్తం కంటే ఈ చివరి అంశమే ముఖ్యమైనది.

మరొక విషయం కూడా గమనించాలి. కెమెరా పట్టుకొనేది నంబరు ప్లేటును. అందువల్ల ఈ-చలానా వాహన యజమాని పేరు మీద వస్తుంది. ఆ సమయంలో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో దానివల్ల తెలియదు. చలానాకు, బీమాకు మధ్య మన దేశంలో నేరుగా లంకె ఏర్పడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

3. ప్రీమియం ఎలా ఏర్పడుతుంది?

కారు బీమా ప్రీమియంలో మూడు ప్రధాన భాగాలు ఉంటాయి.

*అ) థర్డ్ పార్టీ ప్రీమియం:* మీ కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఇచ్చే పరిహారం కోసం కట్టేది. 146వ సెక్షను ప్రకారం ఇది తప్పనిసరి. దీని రేటును కంపెనీ నిర్ణయించదు, ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సి.సి. వరకు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,000 నుండి 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897 రూపాయలు. ఈ రేటు ఇంజను సామర్థ్యాన్ని చూస్తుంది. డ్రైవరు వయస్సును గాని, చలానాలను గాని చూడదు.

*ఆ) స్వంత నష్టపు ప్రీమియం:* మీ కారుకే జరిగే నష్టానికి కట్టేది. కారు విలువ, వయస్సు, మోడలు, రిజిస్ట్రేషను జరిగిన ప్రాంతం దీనిని ప్రభావితం చేస్తాయి. 2007 జనవరి నుండి ఈ భాగంలో ధర నిర్ణయించే స్వేచ్ఛ కంపెనీలకు లభించింది. నో క్లెయిమ్ బోనస్ వర్తించేది ఈ భాగానికి మాత్రమే.

*ఇ) యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా:* కారు యజమాని స్వయంగా నడుపుతూ మరణించినా, శాశ్వత వైకల్యం పొందినా 15 లక్షల రూపాయల వరకు ఇచ్చే రక్షణ. దీని సంగతి 7వ విభాగంలో చూద్దాం.

4. ఇతర దేశాలలో పరిస్థితి

మన పద్ధతి స్పష్టం కావాలంటే మరో పద్ధతితో పోల్చి చూడాలి. పై చదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు వెళ్లే మన విద్యార్థులకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది.

బ్రిటన్‌లో బీమా ప్రధానంగా డ్రైవరును చూస్తుంది. అతివేగానికి లైసెన్సు మీద కనీసం 3 పెనాల్టీ పాయింట్లు పడతాయి. అవి 4 సంవత్సరాలు లైసెన్సు రికార్డులో ఉంటాయి. బీమా కంపెనీలు సాధారణంగా గత 5 సంవత్సరాల నేరాల వివరాలు అడుగుతాయి. వాటిని దాస్తే పాలసీయే చెల్లకుండా పోవచ్చు. కొత్త డ్రైవర్ల కోసం 1995లో చేసిన చట్టం మరీ కఠినమైనది: లైసెన్సు వచ్చిన మొదటి 2 సంవత్సరాలలో 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ లెర్నరు దశ నుండి మొదలుపెట్టి పరీక్షలు రాయాలి.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం ప్రీమియం నిర్ణయంలో మొదటి స్థానం డ్రైవింగు రికార్డుది. ఆ తరువాత ఏడాదికి నడిపే దూరం, అనుభవం. కనీసం 3 సంవత్సరాలుగా లైసెన్సు ఉండి, ఆ కాలంలో ఒకటికి మించి పాయింటు లేనివారికి 'మంచి డ్రైవరు'గా కనీసం 20 శాతం తగ్గింపు ఇవ్వాలి. కొత్తగా లైసెన్సు పొందిన యువకునికి ఆ తగ్గింపు ఎలాగూ రాదు. మొదటి ఏళ్లలో వేగపు టికెట్లు రెండు పడితే, వచ్చే రోజు మరింత వెనక్కి జరుగుతుంది.

ఈ దేశాలలో యువకుల నుండి ఎక్కువ వసూలు చేయడానికి ఆధారం నష్టభయ వర్గీకరణ. అనుభవం తక్కువైనప్పుడు ఎదుటి వాహనం ఏం చేయబోతోందో ముందుగా ఊహించడం కష్టం. దానికి వేగం తోడైతే ఆలోచించే వ్యవధి కూడా తగ్గిపోతుంది. పైగా ఢీకొన్నప్పటి శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కి.మీ. వేగాన్ని 80కి పెంచితే వేగం పెరిగేది మూడో వంతే, కాని ఆ శక్తి సుమారు 78 శాతం పెరుగుతుంది. కాబట్టి వేగపు టికెట్టును కంపెనీలు రాబోయే క్లెయిముకు ముందస్తు సూచనగా చూస్తాయి.

5. మన దేశంలో 2021 నాటి ప్రతిపాదన

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) నియమించిన కార్యబృందం 2021 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి, వాటి ఆధారంగా 'ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం' అనే కొత్త భాగాన్ని చేర్చాలని, ముందుగా ఢిల్లీలో ప్రయోగాత్మకంగా అమలు చేయాలని సూచించింది. మద్యం తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పు స్థలంలో నిలిపితే 10 పాయింట్లు అన్నట్లుగా తీవ్రతను బట్టి పట్టిక రూపొందించింది. ఈ ప్రతిపాదనలో భారం పడేది వాహన యజమాని మీద. అంటే కుమారుడు నడిపిన వేగానికి తండ్రి ప్రీమియం కట్టాలి. డ్రైవరును మార్చాలన్న లక్ష్యం యజమానిని శిక్షించడం ద్వారా ఎంతవరకు నెరవేరుతుందనేది మీరు ఆలోచించదగిన ప్రశ్న.

దీనికి సమీపంలో ఉన్న మరో పద్ధతి 2022 జూలైలో వచ్చింది. నడిపిన దూరాన్ని బట్టి, నడిపే తీరును బట్టి స్వంత నష్టపు ప్రీమియం మారే అదనపు రక్షణలను అందించడానికి ఐఆర్‌డీఏఐ కంపెనీలను అనుమతించింది. ఇవి ఎంచుకొన్నవారికి మాత్రమే వర్తిస్తాయి.

6. వేగం నుండి ప్రమాదం, ప్రమాదం నుండి ప్రీమియం

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ప్రతి 10 మరణాలలో సుమారు 7 అతివేగానికి సంబంధించినవే. మృతులలో సుమారు మూడింట రెండు వంతుల మంది 18 నుండి 45 ఏళ్ల లోపువారు.

ప్రమాదం చిన్నదే అయినా క్లెయిము చేయగానే నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. ఈ బోనస్ క్లెయిము లేని మొదటి ఏడాది తరువాత 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది.

ఉదాహరణకు బోనస్ తీయక ముందు స్వంత నష్టపు ప్రీమియం 12,000 రూపాయలు అనుకుందాం. లెక్క సులభంగా ఉండడానికి ఈ మొత్తం మారదని, జి.ఎస్.టి. కలపలేదని భావిద్దాం. ఈ ఏడాది మీ ఇంటి కారుకు 35 శాతం బోనస్ ఉంది. ఇప్పుడు ఒక క్లెయిము చేస్తే వచ్చే సంవత్సరాలలో తేడా ఇలా ఉంటుంది.

| రెన్యువలు | క్లెయిము లేకపోతే (రూ.) | క్లెయిము చేస్తే (రూ.) | తేడా (రూ.) |
|---|---|---|---|
| 1వది | 6,600 | 12,000 | 5,400 |
| 2వది | 6,000 | 9,600 | 3,600 |
| 3వది | 6,000 | 9,000 | 3,000 |
| 4వది | 6,000 | 7,800 | 1,800 |
| 5వది | 6,000 | 6,600 | 600 |
| మొత్తం | 30,600 | 45,000 | 14,400 |

చలానా విలువ వెయ్యి రూపాయలే. కాని అదే వేగం ఒక క్లెయిముకు దారితీస్తే ఐదేళ్లలో 14,400 రూపాయలు అదనంగా కట్టవలసి వస్తోంది. ఈ లెక్కలో మరొక ఉపయోగం ఉంది. బంపరు నొక్కుకుపోయి మరమ్మతుకు 8,000 రూపాయలు అయిందనుకోండి. 1,500 సి.సి. లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు పోను కంపెనీ ఇచ్చేది 7,000. దానికోసం 14,400 పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. ఇటువంటి సందర్భంలో సొంత డబ్బుతో బాగు చేయించుకోవడమే లాభం. బోనస్‌ను కాపాడే అదనపు రక్షణ తీసుకొని ఉంటే ఈ లెక్క మారుతుంది.

*మీ ప్రగతిని సమీక్షించుకోండి:* పై ఉదాహరణలో ప్రస్తుత బోనస్ 50 శాతం అయితే ఐదు రెన్యువళ్లలో మొత్తం తేడా ఎంత? (సమాధానం: 15,000 రూపాయలు)

7. క్లెయిము నిలుస్తుందా? ఎవరికి రక్షణ?

అతివేగం ఒక్కటే ప్రామాణిక పాలసీలోని మినహాయింపుల జాబితాలో లేదు. పందేలకు, వేగ పరీక్షలకు వాడినా, మత్తులో నడిపినా, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా నడిపినా స్వంత నష్టపు క్లెయిమును తిరస్కరించవచ్చు. ఇక్కడ 2వ విభాగంలోని అంశాన్ని గుర్తుచేసుకోండి. పదే పదే అతివేగంతో పట్టుబడి లైసెన్సు సస్పెండు అయిన కాలంలో కారు నడిపితే, చట్టం దృష్టిలో మీరు లైసెన్సు లేని డ్రైవరే. అప్పుడు జరిగే ప్రమాదంలో గాయపడిన ఇతరులకు కంపెనీ పరిహారం చెల్లించినా, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొనే అవకాశం ఉంటుంది. 'చెల్లించి, రాబట్టుకో' అని పిలిచే ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో వివరించింది. లక్షలలో ఉండే ఆ భారం కుటుంబం మీద పడుతుంది.

18 ఏళ్లు నిండనివారి విషయం మరీ తీవ్రమైనది. 199ఎ సెక్షను ప్రకారం సంరక్షకునికి లేదా యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. వాహన రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. నడిపిన బాలునికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

కుమారుడు నడిపిన కారుకు ప్రమాదం జరిగినప్పుడు "నేనే నడిపాను" అని తండ్రి క్లెయిము ఫారంలో రాయడం కొన్ని ఇళ్లలో జరుగుతుంటుంది. ఇది ప్రేమతో చేసినా అబద్ధపు ప్రకటనే. కెమెరా చిత్రాలు, ఆసుపత్రి రికార్డులు, పోలీసుల నివేదిక దానిని సులభంగా బయటపెడతాయి. నిజం చెబితే అందే క్లెయిము కూడా అబద్ధం వల్ల పోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన అంశం మీ ప్రాణానికి సంబంధించినది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా పేరులోనే ఉన్నట్లు అది యజమాని-డ్రైవరుకు మాత్రమే. కారు నాన్నగారి పేరు మీద ఉండి మీరు నడుపుతుంటే ఆ రక్షణ మీకు వర్తించదు. పోనీ, థర్డ్ పార్టీ బీమా వర్తిస్తుందా? స్వంత నిర్లక్ష్యం వల్ల ప్రమాదానికి కారణమైన డ్రైవరు 'మూడవ వ్యక్తి' కాడు. యజమాని అనుమతితో కారు తీసుకొని నడిపే వ్యక్తి యజమాని స్థానంలో నిలుస్తాడని కోర్టులు చెప్పాయి. అంటే అతివేగంతో కారు చెట్టును ఢీకొని నడిపిన యువకుడు మరణిస్తే, ఎదుటివారి కోసం కట్టిన ప్రీమియం నుండి అతని తల్లిదండ్రులు అతని తప్పిదానికి పరిహారం కోరలేరు. ఇంట్లో అందరూ "బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఉంది" అనుకొనే కారులో, ఎక్కువగా నడిపే వ్యక్తికే రక్షణ లేకపోవడం చాలామంది గమనించని లోటు.

8. మీరు చేయవలసినవి

- పాలసీ పత్రం తీసి ప్రీమియం వివరాల పట్టికలో 'వ్యక్తిగత ప్రమాదం' వరుస చూడండి. కారు మీ పేరు మీద లేకపోతే, పేరు చెప్పిన వ్యక్తికి లేదా కారులోని ప్రయాణికులకు వర్తించే అదనపు రక్షణ గురించి అడగండి. అది నడిపే వ్యక్తికి కూడా వర్తిస్తుందో లేదో కంపెనీ నుండి రాతపూర్వకంగా తెలుసుకోండి.
- చలానా సరైనదైతే గడువులోగా కట్టండి. కాదనుకుంటే ఆధారాలతో అభ్యంతరం తెలపండి. పక్కన పడేయడం పరిష్కారం కాదు.
- పాలసీ గడువు తీరిన 90 రోజులలోగా రెన్యువలు చేయకపోతే కూడబెట్టిన బోనస్ పోతుంది.
- చిన్న నష్టాలకు క్లెయిము చేసే ముందు 6వ విభాగంలోని పట్టిక పద్ధతిలో లెక్క వేయండి.
- ఎవరు నడిపారన్న ప్రశ్నకు ఎప్పుడూ నిజమే రాయండి.

9. సారాంశం

బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో అతివేగపు టికెట్టు డ్రైవరు రికార్డులోకి, అక్కడి నుండి ప్రీమియంలోకి చేరుతుంది. మన దేశంలో బీమా ప్రధానంగా వాహనాన్ని చూస్తుంది కనుక చలానా ప్రీమియాన్ని నేరుగా పెంచదు. కాని క్లెయిము వల్ల బోనస్ పోవడం, లైసెన్సు సస్పెన్షను వల్ల రక్షణ దెబ్బతినడం, యజమాని కాని డ్రైవరుకు వ్యక్తిగత ప్రమాద బీమా లేకపోవడం అనే మూడు మార్గాలలో వేగం తన ఖరీదు వసూలు చేసుకుంటుంది. చలానా వచ్చిన రోజును పాలసీ పత్రం చదివే రోజుగా చేసుకోండి.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. కారు బీమా ప్రీమియంలోని భాగాలను వివరించి, నో క్లెయిమ్ బోనస్ దేనికి వర్తిస్తుందో తెలపండి.
2. అతివేగపు నేరం బీమా ప్రీమియంపై చూపే ప్రభావంలో భారత్, బ్రిటన్ పద్ధతులను పోల్చండి.
3. తండ్రి పేరు మీద ఉన్న కారును నడిపే కుమారునికి ఏయే రక్షణలు ఉండవు? ఎందుకు?