పాత గేమింగ్ పెట్టెకు కొత్త ప్రాసెసర్: దీవుల్లో లెక్క వేరు

ఆట తడబడుతోందంటే తప్పు ప్రాసెసర్‌దే కానక్కర్లేదు. ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం వంద శాతానికి చేరుతుంటే, ప్రాసెసర్ మార్చినా పెద్దగా లాభం ఉండదు.

తర్వాత సాకెట్ చూడాలి. ఇంటెల్ 6, 7 తరాలకూ 8, 9 తరాలకూ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 ఒక్కటే. కానీ విద్యుత్ అమరిక వేరు. 6వ తరం బోర్డు, బయోస్ అప్‌డేట్ చేశాక, 7వ తరం వరకే వెళ్తుంది. చెన్నై నుంచి 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి అండమాన్‌కు వచ్చిన చిప్ సరిపోకపోతే డబ్బూ, కాలమూ వృథా.

ఇక వేడి. చిన్న పెట్టెలోని కూలర్‌తో ఒక్కో వాట్‌కు అర డిగ్రీ పెరుగుతుందనుకుందాం. గది 32 డిగ్రీలుంటే, 65 వాట్ల ఐ7-7700 దాదాపు 65 డిగ్రీలకు, 91 వాట్ల ఐ7-7700కె 77.5 డిగ్రీలకు చేరుతాయి. పెట్టెలోని గాలి గదికంటే వేడిగా ఉంటుంది కాబట్టి అసలు అంకెలు ఇంకా ఎక్కువే. మరీ వేడెక్కితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఇరుకు పెట్టెకు 65 వాట్లదే మేలు.

సముద్రగాలిలోని ఉప్పు తేమను పీల్చుకుని లోహపు కొనలను తినేస్తుంది. కాబట్టి పెట్టె తెరిచినప్పుడే దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తగా రాయాలి.

చివరగా ఒక మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో 7వ తరం చిప్‌లు దాదాపు లేవు. కాబట్టి పెట్టే ఖర్చు ఎన్నాళ్లకు పనికొస్తుందో ముందే ఆలోచించుకోండి.