కారు బ్రేకులు: అపోహలు – వాస్తవాలు

కారు బ్రేకులు ఉన్నట్టుండి చెడిపోవడం అరుదు. చాలాసార్లు శబ్దంతోనో, పెడల్ మెత్తబడటంతోనో ముందే హెచ్చరిస్తాయి. బొగ్గు దుమ్ము, టిప్పర్ల రద్దీ, వానాకాలపు బురద ఉండే బెల్లంపల్లి లాంటి సింగరేణి ఊళ్లలో ఆ హెచ్చరికలను పట్టించుకోవడం మరీ అవసరం.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే చాలు.
వాస్తవం: ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం మెల్లగా దిగుతుంది. త్వరగా తగ్గుతోందంటే ఎక్కడో లీకున్నట్టే. కారణం చూడకుండా పోస్తే లోపం దాగిపోతుంది. ఇంజిన్ ఆయిల్ అసలే పోయకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

అపోహ: మట్టం సరిగా ఉంటే ఆయిల్ మార్చనక్కర్లేదు.
వాస్తవం: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155కు దిగవచ్చు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి చోట ఆగకుండా బ్రేక్ తొక్కుతూ దిగితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ ఒత్తిడంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి.

అపోహ: బ్రేకులు కీచుమంటే దుమ్ము పట్టినట్టే.
వాస్తవం: దుమ్ము, తడి వల్ల వచ్చే కూత కాసేపట్లో పోతుంది. పోకపోతే ప్యాడ్లు చూపించాలి. చాలా ప్యాడ్లకు ఉండే చిన్న ఇనుప రేకు, అరుగుదల హద్దుకు చేరగానే డిస్క్‌కు రాసుకుని కూస్తుంది. గరగరమంటే ప్యాడ్ అయిపోయి ఇనుము డిస్క్‌ను కోస్తున్నట్టు.

అపోహ: దిగుడులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదిలితే పెట్రోల్ మిగులుతుంది.
వాస్తవం: ఇంజిన్ ఆగితే, పెడల్ తొక్కుడుకు బలం చేర్చే బ్రేక్ బూస్టర్‌కు శక్తి అందదు. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోల్ సరఫరా దానంతటదే ఆగుతుంది, ఇంజినే వేగాన్ని పట్టి ఉంచుతుంది.

అపోహ: ఏబీఎస్ ఉంటే కారు ఎక్కడైనా వెంటనే ఆగుతుంది.
వాస్తవం: 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. చక్రాలు బిగుసుకోకుండా చూసి, స్టీరింగ్ తిరిగేలా చేయడమే దాని పని. కంకర మీద ఆగే దూరం పెరగవచ్చు కూడా. ఏబీఎస్ ఉన్నా సరే, వేగం రెట్టింపైతే, బ్రేక్ పడ్డాక కారు ఆగే దూరం నాలుగింతలవుతుంది.

పెడల్ మెత్తబడినా, లోతుకు దిగినా, కారు ఒక పక్కకు లాగినా మెకానిక్ చూసేదాకా బండి బయటికి తీయవద్దు.