పోనన్నవాడే తోటకు పోయాడు

మత్తయి సువార్త 21వ అధ్యాయంలో యేసుప్రభువు ఇద్దరు కుమారుల ఉపమానం చెప్పాడు. తోటలో పని చేయమంటే ఒకడు పోనని చెప్పి, తర్వాత మనసు మార్చుకొని వెళ్లాడు. మరొకడు వెళ్తానని చెప్పి వెళ్లలేదు. విక్టర్ షోల్షేర్ జీవితం చదివితే మనకు ఆ ఉపమానమే గుర్తొస్తుంది.

1804లో పారిస్‌లో పుట్టిన షోల్షేర్ ఒక పింగాణీ వ్యాపారి కొడుకు. పాతికేళ్ల ప్రాయంలో సరుకు అమ్మడానికి అమెరికా ఖండానికి వెళ్లి, క్యూబాలో బానిసల దుస్థితిని కళ్లారా చూశాడు. వారికి విముక్తి మెల్లమెల్లగా ఇస్తే చాలని మొదట్లో ఆయనా అనుకున్నాడు. కాని 1840లో కరీబియన్ దీవులు తిరిగొచ్చాక, బానిసత్వం వెంటనే రద్దు కావాలని 1842లో పుస్తకమే రాశాడు.

షోల్షేర్ నాస్తికుడు. ఆ బానిసల యజమానులు మాత్రం బాప్తిస్మం పొందినవారే! 1685 నాటి ఫ్రెంచ్ రాజశాసనం బానిసలకు బాప్తిస్మం ఇవ్వాలని ఆదేశించింది. అదే శాసనం వారిని చరాస్తిగానూ లెక్కగట్టింది. దేవుని స్వరూపంలో సృష్టించబడిన మనిషిని నీళ్లలో సహోదరునిగా, చెరకు తోటలో సామానుగా చూసిన భక్తి అది. అది కేథలిక్కుల సంగతే అనుకొని మనం తప్పించుకోలేం. ఇంగ్లిష్, డచ్ కాలనీల్లో ప్రొటెస్టెంట్ యజమానులూ అదే బాటలో నడిచారు.

1848 ఫిబ్రవరి విప్లవంతో షోల్షేర్‌కు అవకాశం దొరికింది. ఏప్రిల్ 27న ఆయన తెచ్చిన శాసనంతో సుమారు రెండున్నర లక్షలమంది స్వతంత్రులయ్యారు. అయితే ఘనతంతా ఆయనదే కాదు. మార్టినిక్‌లో బానిసలు తిరగబడటంతో, శాసనం ఓడలో చేరకముందే మే 23న అక్కడి గవర్నర్ విముక్తి ప్రకటించక తప్పలేదు. ఈ పోరాటం మరుగున పడిందన్న ఆగ్రహంతోనే 2020లో కొందరు అక్కడి షోల్షేర్ విగ్రహాలను కూలదోశారు.

నష్టపరిహారం యజమానులకే దక్కింది. తరతరాలు చెమటోడ్చిన వారికి ఒక్క ఫ్రాంకు కూడా రాలేదు. కోయించుకొని ఇవ్వని కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4 హెచ్చరించింది ఇలాంటివారినే కదా! ఆ తోటల పనికి తర్వాత మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తరలించారు. మన యానాం రేవు కూడా ఆ వలసను చూసింది.

1851 కుట్ర తర్వాత షోల్షేర్ పందొమ్మిదేళ్లు ప్రవాసంలో గడిపాడు. తిరిగొచ్చి సెనేటర్‌గా పనిచేసి, 1893లో సరిగ్గా క్రిస్మస్ రోజున కన్నుమూశాడు.

ఆయన అవిశ్వాసం మనకు ఆదర్శం కాదు. కాని 'ప్రభువా, వెళ్తాం' అని ప్రతి ఆదివారం పలికే మనం సోమవారం ఎక్కడున్నాం? మన ఇంట్లో, పొలంలో పనిచేసేవారి కూలి సాయంత్రానికల్లా వారి చేతికి అందుతోందా? తండ్రి అడిగేది తోటలో పని గురించే!