బొగ్గు వచ్చింది... నవ్వు రాలేదు!

ఆస్ట్రేలియా అనగానే క్రికెట్టు, కంగారూలు, పిల్లల పైచదువులు. అంతేనా? అక్కడి చిన్న సినిమాలు చూస్తే విశాఖ రేవు, ఉక్కు నిర్వాసితులు, మన 'అమృతం' ఆంజనేయులు... అందరూ గుర్తొస్తారు!

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ మండాలంటే కోకింగ్ కోల్ కావాలి. మన గనుల్లో దొరికే బొగ్గులో బూడిద ఎక్కువ. అందుకే కావలసిన బొగ్గులో చాలా భాగం ఆస్ట్రేలియా నుంచి ఓడలెక్కి వస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడి బొగ్గు మన తీరానికి చేరుతూనే ఉంది కానీ, అక్కడి సినిమా మాత్రం పెద్దగా చేరలేదు. జగదాంబ సెంటర్‌లో హాలీవుడ్ బొమ్మలు ఆడాయి. జాకీచాన్ ఫైట్లకు ఈలలు పడ్డాయి. ఆస్ట్రేలియా సినిమా అంటే మాత్రం 'మ్యాడ్ మ్యాక్స్', 'క్రొకడైల్ డండీ' లాంటి ఒకటి రెండు పేర్లు తప్ప మనవాళ్లకి తెలిసింది తక్కువ. పెద్ద హీరోలుండరు, భారీ సెట్టింగులుండవు, పైగా ఆ యాస ఓ పట్టాన కొరుకుడు పడదు. కానీ ఓపిగ్గా చూస్తే అవి మన గాజువాక కథలో, మన రేవు కథలో అనిపిస్తాయి.

రన్‌వే పక్కన రాజభవనం

మొదట చెప్పుకోవలసింది 1997లో వచ్చిన 'ద కాసిల్'. కాసిల్ అంటే కోట. ఈ కోట మెల్‌బోర్న్‌లో విమానాశ్రయం పక్కనే ఉన్న ఓ మామూలు ఇల్లు. నెత్తిమీద హైటెన్షన్ తీగలు, పెరటి అవతల రన్‌వే. ఇంటాయన డారిల్ కెరిగన్ చెడిపోయిన బళ్లను లాక్కెళ్లే ట్రక్కు నడుపుతాడు. భార్య ఏం వండినా లొట్టలేసుకుని తింటాడు. పిల్లలేం చేసినా మురిసిపోతాడు. ఆయన లెక్కలో అంతకు మించిన ఇల్లు ప్రపంచంలోనే లేదు!

ఓరోజు నోటీసు వస్తుంది. విమానాశ్రయాన్ని విస్తరిస్తున్నాం, నష్టపరిహారం తీసుకుని ఖాళీ చేయమని. 'ఇది ఇల్లు కాదు, మా బతుకు' అంటాడాయన. తనకు తెలిసిన చిన్న ప్లీడరును పట్టుకుంటాడు. ఆ ప్లీడరు పడే పాట్లున్నాయే... ఆఫీసులో జెరాక్సు మిషన్ను దారికి తెచ్చుకోలేనివాడు కోర్టులో రాజ్యాంగం గురించి వాదించాలి! ఏ సెక్షన్ కింద అని జడ్జి అడిగితే చెప్పలేక, అసలు రాజ్యాంగం మొత్తంలోనే ఆ భావన ఉందని చేతులు తిప్పుతాడు. హాలంతా నవ్వే ఘట్టం అది. చివరికి కేసు ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్తుంది. ఎవరి ఆస్తినైనా తీసుకోవాలంటే న్యాయమైన షరతులపైనే తీసుకోవాలని చెప్పే ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని ఓ నిబంధన చుట్టూ కథ తిరుగుతుంది. సినిమా తీయడానికి పట్టింది 11 రోజులే!

విశాఖలో ఈ సినిమా చూస్తే నవ్వుతో పాటు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం కోసం పొలాలూ, ఇళ్లూ ఇచ్చి వేల కుటుంబాలు ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేశాయి. నిర్వాసితులకు ఉద్యోగాల కోసం ఇచ్చిన 'ఆర్-కార్డు' మాట ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకీ తెలుసు. 1978 నాటి 44వ సవరణతో మన దేశంలో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి బయటికొచ్చింది. 300ఎ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కుగా మిగిలింది. ఉక్కు మన గర్వం. ఊరు వదలడం మన గాయం. రెండూ నిజమే. డారిల్‌కి సినిమాలో ఇల్లు దక్కింది. బయట అందరికీ అలా దక్కదు. కానీ ఇల్లు పోగొట్టుకునే మామూలు మనిషి మీద జాలిపడమని అడక్కుండా, అతనితో కలిసి నవ్వించి మరీ అతని పక్షాన మనల్ని నిలబెట్టడం... అక్కడుంది గొప్పతనం!

అక్కడ డాక్టరు... ఇక్కడ డాక్ ఉద్యోగి

ఆ సినిమా దర్శకుడు రాబ్ సిచ్ చదివింది వైద్యం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో సరదాగా హాస్య ప్రదర్శనలిచ్చిన మిత్రబృందం 'డి-జనరేషన్' పేరుతో టీవీకి, అక్కడి నుంచి సినిమాకి వచ్చింది.

మన దగ్గరా అలాంటి కథ ఉంది. విశాఖ డాక్ లేబర్ బోర్డులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసిన కురుమద్దాలి లక్ష్మీనరసింహారావును జంధ్యాల వెండితెరకు తెచ్చారు. 1982లో వచ్చిన 'నాలుగు స్తంభాలాట'తో ఆయన 'సుత్తి' వేలుగా, ఆకాశవాణి నుంచి వచ్చిన వీరభద్రరావు 'సుత్తి' వీరభద్రరావుగా ఇంటింటికీ తెలిసిపోయారు. 'సుత్తి కొట్టకు' అనే మాట అప్పట్నుంచి కాలేజీల్లో, ఆఫీసుల్లో పాతుకుపోయింది. పగలంతా ఫైళ్ల మధ్య గడిపినవాడికి మనుషుల నత్తీ, నసా, భయం అన్నీ తెలుస్తాయి. ఆ పరిశీలనే నవ్వుకు పెట్టుబడి.

టీవీ చూపిన దారి

సిచ్ బృందం టీవీలో చేసిన 'ఫ్రంట్‌లైన్' (1994-97) ఇప్పుడు చూసినా పాతబడలేదు. ఓ టీవీ వార్తా కార్యక్రమం తెర వెనక భాగోతమే కథ. రేటింగు కోసం చిన్న సంగతిని పెద్దది చేయడం, ఏడ్చేవాళ్ల ముందు మైకు పెట్టడం, తెరమీద కనిపించే యాంకరుకి లోపలేం జరుగుతోందో తెలియకపోవడం... మన 24 గంటల చానళ్లు రాక ముందే తీశారంటే ఆశ్చర్యం వేస్తుంది.

తెలుగులో టీవీ హాస్యానికి 'అమృతం' ఓ మైలురాయి. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రుళ్లు వచ్చింది. హోటల్ నడపలేక నడిపే అమృతరావు, అతన్ని వదలని మిత్రుడు ఆంజనేయులు, అద్దె కోసం పీక్కుతినే అప్పాజీ, వంటగదిలో సర్వం. అమృతరావు వేషం చేతులు మారినా జనం చూడటం మానలేదు. ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు 2018లో కన్నుమూసినా ఆ పాత్ర ఇంకా నవ్విస్తూనే ఉంది. కారణం ఒక్కటే. అక్కడ మనిషి ఒడ్డూపొడుగూ, రంగూ కాదు జోకు. అతని అత్యాశే జోకు! 2013లో 'జబర్దస్త్' వచ్చాక నవ్వుల వేగం పెరిగింది, ఎందరో కొత్తవాళ్లకి అవకాశం దొరికింది. కానీ పంచ్ కోసం పక్కవాడి ఒంటిమీదా, ఇంటి ఆడవాళ్లమీదా విసుర్లు పడ్డప్పుడు పిల్లలతో కూర్చున్నవాళ్లు రిమోట్ వెతుక్కోవలసి వస్తుంది. 'ద కాసిల్', 'అమృతం' రెండింట్లోనూ ఆ అవసరం మనిషిని చిన్నబుచ్చడం వల్ల మాత్రం రాదు.

ఖనిజం ఊరి కుక్క

'రెడ్ డాగ్' (2011) జరిగేది పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే డాంపియర్ రేవు పట్నంలో. 1970ల్లో అక్కడ నిజంగా తిరిగిన ఓ ఎర్ర కుక్క కథ ఇది. దేశదేశాల నుంచి పనికోసం వచ్చి, నా అన్నవాళ్లు లేని కార్మికులందర్నీ ఆ కుక్క ఒక్కటి చేస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1976లో, విశాఖ ఔటర్ హార్బర్ మొదలైంది. బైలదిల్లా ఖనిజం కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో వచ్చి ఇక్కణ్నుంచి జపాన్ వెళ్లేది. ఎర్రదుమ్ము మేడమీద ఆరేసిన బట్టలకెలా అంటుకుంటుందో తెలిసిన ఊరికి ఆ సినిమా అర్థం చెప్పక్కర్లేదు.

'కెన్నీ' (2006) ఇంకో అడుగు ముందుకేసింది. హీరో జాతరలకీ, పందేలకీ తాత్కాలిక మరుగుదొడ్లు అమర్చే మనిషి. ఆ పని చూసి జనం ముక్కు మూసుకుంటారు. అతను మాత్రం తన పనిని చిన్నదనుకోడు. నటుడు షేన్ జాకబ్సన్‌కి ఆస్ట్రేలియా సినీ సంస్థ ఉత్తమ నటుడి అవార్డు దక్కింది.

పెసరట్టును పిజ్జా అంటే...

ఇంత మంచి సినిమాలు బయట ఎందుకు ఆగిపోయాయి? 'ద కాసిల్'ను అమెరికాలో విడుదల చేసినప్పుడు అక్కడివాళ్లకి తెలియదని 'రిసోల్' అనే వంటకం పేరు తీసి 'మీట్‌లోఫ్' అని పెట్టారు. పెసరట్టును పిజ్జా అన్నట్టు! హాస్యానికి ఊరే ప్రాణం. ఆ ఊరి మాట తీసేస్తే మిగిలేది సారం పోయిన చారు. మన జంధ్యాల సినిమాలు వేరే భాషల్లోకి తేలిగ్గా దిగకపోవడానికీ ఇదే కారణం. అందుకే ఇలాంటివి పోస్టర్ల బలంతో కాక, 'ఇది చూశావా?' అని ఒకరు ఇంకొకరికి చెబితేనే బతుకుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

* ద డిష్ (2000): 1969లో చంద్రుడి మీద మనిషి నడిచిన దృశ్యాలు ప్రపంచానికి అందించడంలో పార్క్స్ అనే చిన్న ఊరి రేడియో టెలిస్కోపు పాత్ర. గొర్రెల పొలం మధ్య చంద్రయాత్ర! ఇంటిల్లిపాదికీ.

* రెడ్ డాగ్ (2011): పిల్లలకి నచ్చుతుంది. చివర్లో చేతిరుమాలు దగ్గరుంచుకోండి.

* ద కాసిల్ (1997): మాటలు కొన్ని పచ్చిగా ఉంటాయి. పెద్దలు ముందు చూసి, ఆపైన ఎదిగిన పిల్లలకి.

* కెన్నీ (2006): భోజనమయ్యాక చూడటం మేలు!

ఒక్కసారికి అర్థం కాకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. యాస కొత్త కావచ్చు. కానీ ఇంటి పన్ను, అద్దె, ఉద్యోగం, ఊరు అనే నాలుగు మాటలు ఏ భాషలోనైనా మనకు అర్థమవుతాయి.