ప్రాసెసర్ మార్పు: బేరమంతా మదర్ బోర్డు వద్దే

విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు అందించడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించడం వల్ల దేశంలోని మధ్యతరగతి కుటుంబాలకు అనుకోని ఖర్చు ఒకటి వచ్చిపడింది. పిల్లల చదువుకో, ఇంటి నుంచి చేసుకునే పనికో ఎనిమిదేళ్ల క్రితం కొనుక్కున్న కంప్యూటరు చక్కగానే నడుస్తూ ఉంటుంది. కానీ 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11ను అందులో నెలకొల్పబోతే అది నిరాకరిస్తుంది. టిపిఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని, స్థూలంగా చెప్పాలంటే ఇంటెల్‌లో ఎనిమిదవ తరం, ఎఎండిలో రైజెన్ 2000 వరుస లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. ఈ షరతుల మూలంగా ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల కంప్యూటర్లు తుక్కు కింద జమ కావచ్చునని కెనాలిస్ పరిశోధన సంస్థ 2023 డిసెంబరులోనే అంచనా వేసింది.

యంత్రమంతా మార్చనక్కరలేదు, ప్రాసెసర్, మదర్ బోర్డు మారిస్తే చాలునని దుకాణదారు చెబుతాడు. చాలా సందర్భాలలో ఆ మాట నిజమే. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయి లామింగ్టన్ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ - ఏ విపణికి వెళ్లినా కొనుగోలుదారు నోట వచ్చే మొదటి ప్రశ్న ‘ఐ3 చాలునా, ఐ5 తీసుకోవాలా’ అన్నదే. వాస్తవానికి మొదట తేల్చుకోవలసినది మదర్ బోర్డు సంగతి. ఏ ప్రాసెసర్ ఇముడుతుంది, ఏ మెమరీ పనికివస్తుంది, మూడేళ్ల తర్వాత మళ్లీ ఎంత ఖర్చు పెట్టవలసి వస్తుంది అన్నవన్నీ దానిపైనే ఆధారపడి ఉంటాయి.

2017లో కంప్యూటర్లు కొన్న ఇద్దరు పొరుగువారిని ఊహించుకుందాం. ఒకరు ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్ తీసుకున్నారు. మరొకరు అదే సంవత్సరం విపణిలోకి వచ్చిన ఎఎండి మొదటి రైజెన్‌ను ఎంచుకున్నారు. ఈ రెండింటిలో ఏదీ విండోస్ 11కు అర్హమైనది కాదు. రైజెన్ కొన్న వ్యక్తి బోర్డులో ఉన్నది ఎఎం4 సాకెట్. అందులో 2020 నాటి రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ సైతం ఇముడుతుంది. బోర్డు తయారీదారు జాబితాలో దాని పేరు ఉన్నదో లేదో చూసుకుని, పాత ప్రాసెసర్‌ను తీయకముందే బయోస్‌ను నవీకరించుకుంటే చాలు. పాత బోర్డు, పాత మెమరీ అలాగే ఉంటాయి. మొదటి పొరుగువారికి ఆ సౌలభ్యం లేదు. ఆయన బోర్డు సాకెట్‌లోనూ, ఎనిమిదవ తరం ప్రాసెసర్ అడుగుభాగాన కూడా 1151 స్పర్శబిందువులే ఉన్నాయి. చూడటానికి రెండూ సరిపోయినట్లే ఉంటాయి. కానీ 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరానికి ఇంటెల్ 300 వరుస బోర్డును తప్పనిసరి చేసింది. కనుక ఆయన రెండూ మార్చుకోవలసిందే.

ఎఎండి ఔదార్యం కూడా సహజంగా పుట్టుకొచ్చింది కాదు. 400 వరుస బోర్డులకు రైజెన్ 5000 పనికిరాదని ఆ సంస్థ 2020 మే నెలలో ప్రకటించింది. వినియోగదారులు తీవ్రంగా ఆక్షేపించిన పిమ్మట కొద్ది రోజులకే వెనక్కు తగ్గింది. 300 వరుస బోర్డులకు ఆ సదుపాయం అధికారికంగా దక్కేసరికి 2022 వచ్చింది.

సాకెట్ పేరిట సాగే ఈ పోటీ కొత్తదేమీ కాదు. 1990లలో సాకెట్ 7 బోర్డులో ఇంటెల్ పెంటియం, ఎఎండి కె6, సైరిక్స్ ప్రాసెసర్లలో దేనినైనా అమర్చుకునే వీలుండేది. 1997లో పెంటియం 2తో ఇంటెల్ స్లాట్ 1 అనే సొంత పద్ధతికి మారిన తర్వాత ఒకే బోర్డు మీద పోటీదారుల మధ్య బేరమాడే అవకాశం కొనుగోలుదారు చేజారింది.

రెండూ మార్చక తప్పనివారి ముందు నేడు ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. ఎఎండి 2022లో తెచ్చిన ఎఎం5, ఇంటెల్ 2024 అక్టోబరులో తెచ్చిన ఎల్‌జిఎ 1851 సాకెట్లకు డిడిఆర్5 మెమరీయే కావాలి. ఎఎం5ను 2027, ఆపై వరకు కొనసాగిస్తామని ఎఎండి 2024లో మాట ఇచ్చింది. భవిష్యత్తులో ప్రాసెసర్ మాత్రమే మార్చుకోదలచినవారికి అది మొగ్గదగిన కారణమే. రెండో మార్గం, చేతిలో ఉన్న డిడిఆర్4 మెమరీని కాపాడుకోవడం. ఇంటెల్ 12, 13, 14వ తరాలకు ఉద్దేశించిన ఎల్‌జిఎ 1700 బోర్డులలో కొన్ని డిడిఆర్4తో, కొన్ని డిడిఆర్5తో పనిచేస్తాయి. ఒకదాని అరలో మరొకటి పట్టదు కనుక పెట్టెపై రాసినది చదివి కొనాలి. కృత్రిమ మేధ కేంద్రాలకు అవసరమైన మెమరీ వైపు తయారీదారులు మళ్లడంతో 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు అమాంతం పెరిగాయి. ఉన్న 16 గిగాబైట్ల మెమరీని నిలుపుకోవడం అంతకుముందు పిసినారితనంగా తోచి ఉండవచ్చు గానీ, ఆ ధరల దృష్ట్యా అది వివేకమనే చెప్పాలి. చదువు, కార్యాలయపు పనులకు ఐ3-12100 వంటి ప్రాసెసర్, సాధారణ డిడిఆర్4 బోర్డు సరిపోతాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గొప్ప ప్రాసెసర్ కొని చౌక బోర్డులో పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. ఐ3-12100 గరిష్ఠంగా 89 వాట్లు తీసుకుంటే, ఐ9-14900కె 253 వాట్ల వరకు లాగుతుంది. ప్రాసెసర్‌కు విద్యుత్తును అందించే భాగాలు బలహీనంగా ఉన్న బోర్డు వేడెక్కి దాని వేగాన్ని తగ్గించివేస్తుంది. చెల్లించిన సొమ్ముకు తగిన పని దక్కదు. 13, 14వ తరాలలోని పెద్ద ప్రాసెసర్లు అధిక వోల్టేజి కారణంగా దెబ్బతింటున్నట్లు 2024లో వెల్లడయింది. ఇంటెల్ ఆ ఆగస్టులో బయోస్ ద్వారా అందే సవరణను విడుదల చేసి, హామీ గడువును మరో రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న వాటిని ఆ సవరణ బాగుచేయదు. ఈ తరాల ప్రాసెసర్లను పాత సరుకుగా కొనేవారు జాగ్రత్త వహించాలి.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అని ఉంటే ధర కొంత తగ్గుతుంది. ఆ ఒక్క అక్షరానికి అర్థం, తెరపై బొమ్మను చూపే భాగం అందులో పనిచేయదని. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారు దానిని కొని ఇంటికి తీసుకువెళితే నల్లని తెరే మిగులుతుంది. ఎఎం4 రైజెన్‌లలో పేరు చివర ‘జి’ ఉన్నవాటిలోనే ఆ భాగం ఉంటుంది.

ఇక మన విపణికి ప్రత్యేకమైన సమస్య, కొత్త పెట్టెలో వచ్చే పాత బోర్డు. 2011 నాటి హెచ్61 రకం బోర్డులు నేటికీ కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. చైనా నుంచి వచ్చే ఎక్స్99 బోర్డులు, వాటితో జతగా ఇచ్చే పాత సర్వర్ల జియాన్ ప్రాసెసర్లు కూడా ఇదే కోవలోనివి. ధర ఆశ పెడుతుంది. విండోస్ 11 షరతులు వీటికీ అడ్డే కాబట్టి ఏ కారణంతో మార్పు తలపెట్టామో అదే నెరవేరదు.

ప్రాసెసర్లు, బోర్డులపై దిగుమతి సుంకం లేదు. భారత్ 1997లో చేరిన సమాచార సాంకేతిక ఒప్పందమే అందుకు కారణం. వినియోగదారు చెల్లించే ధరలో 18 శాతం జిఎస్‌టి, డాలరు మారకపు రేటు కలిసి ఉంటాయి. ఇంటెల్, ఎఎండి రూపకల్పన కేంద్రాలు బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నప్పటికీ ప్రాసెసర్లు మాత్రం విదేశీ కర్మాగారాలలోనే తయారవుతున్నాయి. 2024లో కేంద్రం ఆమోదించిన ధోలేరా చిప్ కర్మాగారం 28 నానోమీటర్లు, అంతకంటె స్థూలమైన రకాలకు ఉద్దేశించినది. ఇంటి కంప్యూటరు ప్రాసెసర్ అక్కడి నుంచి వస్తుందని ఎదురుచూడనక్కరలేదు.

బిల్లు లేకుండా కొంటే ఆ 18 శాతం మిగులుతుందని ఆశపడేవారు లేకపోలేదు. పెట్టెతో అమ్మే ప్రాసెసర్‌కు తయారీదారు మూడేళ్ల హామీ ఇస్తారు. పెట్టె లేకుండా ‘ట్రే’ సరుకుగా అమ్మేదానికి ఆ హామీ వర్తించదు. ఉన్నదల్లా దుకాణదారు ఇచ్చే మాట మాత్రమే. బిల్లుపై క్రమసంఖ్య రాయించుకోవడం అవసరం.

అసలు కొనకుండా గడపదలచినవారికీ దారి ఉంది. విండోస్ 10 గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు అందించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. లినక్స్‌కు మారితే ఆ గడువుతోనూ నిమిత్తం ఉండదు. యంత్రం నెమ్మదించిందన్నదే ఫిర్యాదు అయితే, లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే తిరుగుతున్నదేమో ముందుగా చూడాలి. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి అమర్చడానికి బోర్డును కదిలించవలసిన పనే లేదు.